మొలక కట్టిన గింజ

మొలకలు కట్టిన రాగులతో జావ కాచినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మామూలు రాగిపిండి రెండు చెంచాలు వేస్తే చాలు, జావ చిక్కబడిపోతుంది. మొలకల పిండి ఎంత వేసినా పలచగానే ఉంటుంది. పైగా బెల్లం వేయకముందే నాలుక్కి కాస్త తీపి తగులుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజు అనే ఎంజైము పుట్టి, గంజిని విరిచి చక్కెరగా మారుస్తుంది. మొక్క కోసం గింజ దాచుకున్న తిండిని మనం మధ్యలోనే అందుకుంటున్నామన్నమాట. ధాన్యంతో కాచే బీరుకి మొదలు ఇదే.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈమధ్య తొలిసారి ఇంట్లో బీరు కాచాడు. "అత్తా, డబ్బాలో అమ్మే మాల్టు పాకం కాదు, గింజల దగ్గర్నుంచే చేస్తున్నా" అని ఫోన్ చేశాడు. నాకు భలే సంతోషమైంది. అక్కడ అది తప్పు కాదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా సొంతానికి కాచుకునే వీలుంది. మన దగ్గర 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే కాచకూడదు. అందుకని మీరు మొలకల జావ దగ్గరే ఆగండి.

ఇరవై లీటర్లకి దాదాపు ఐదు కిలోల బార్లీ మాల్టు, అంటే మొలక కట్టించి ఎండబెట్టిన బార్లీ, తీసుకున్నాడు. దాన్ని మెత్తటి పిండి చేయకూడదు, బరకగా పట్టించాలి. పొట్టు నిలిస్తేనే నీళ్లు అందులోంచి తేటగా దిగుతాయి. 72 డిగ్రీల నీళ్లలో పోస్తే, గింజల చల్లదనానికి వేడి తగ్గి 66 దగ్గర నిలిచింది. ఆ వేడి గంటసేపు కదలకూడదు. పనితనమంతా ఇక్కడే. 63 దగ్గర ఉంచితే ఈస్టు తినగలిగే చక్కెరలే ఎక్కువ వస్తాయి, బీరు తేలిగ్గా ఉంటుంది. 70 దగ్గర ఉంచితే ఈస్టుకి అందనివి మిగిలి నోటికి నిండుగా తగులుతుంది. 80 దాటిందా, ఎంజైము చచ్చిపోతుంది, మిగిలేది గంజే. గంట తర్వాత ఒక చుక్క పళ్లెంలోకి తీసి టింక్చర్ అయోడిన్ వేయమన్నాను. బడిలో అన్నం మెతుకు మీద వేసి చూసిన ప్రయోగం మీకూ గుర్తుండే ఉంటుంది. నల్లబడితే గంజి ఇంకా ఉన్నట్టు. నల్లబడలేదు.

ఆ తర్వాత వడకట్టి, హాప్స్ పువ్వులు వేసి మరిగించి, గబగబా చల్లార్చి, ఈస్టు కలిపి రెండు వారాలు మూతపెట్టాడు. బాగా వచ్చిందట.

మా ఎర్రుపాలెం వైపు పొలం గట్ల మీద దొరికే తాటికల్లుకి ఈ పనులేవీ అక్కర్లేదు. గెల గీస్తే కారేదే తీపి. లొట్టిలో పడుతుండగానే ఈస్టు పని మొదలుపెడుతుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. భద్రాచలం అడవుల్లో జీలుగుకల్లూ అంతే. ఇప్పపువ్వులోనూ తీపి ముందే ఉంది. చెట్టే తీపి ఇస్తుంటే మనవాళ్లకి గింజని పులియబెట్టే అవసరం అంతగా రాలేదని నా నమ్మకం.

అవసరం ఉన్నచోట చేశారు. భద్రాచలం దాటి బస్తరులోకి వెళ్తే లాండా చేస్తారు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, మొక్కజొన్న మొలకల పిండి కలిపి, కుండలో పులియబెడతారు. ఉడికిన పిండిలో గంజి, మొలకలో ఎంజైము. మా వాడు థర్మామీటరు పట్టుకుని చేసిందీ ఈ పనే. చేత్తో కుండ తాకి వేడి తెలుసుకునే ఆ ఆడవాళ్ల చదువుని ఎవరైనా వెనకబాటు అంటే నాకు ఒళ్లు మండుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపానీయాలను నిషేధించాలన్నా, కట్టడి చేయాలన్నా ఆ అధికారం గ్రామసభలకూ పంచాయతీలకూ ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెప్పింది. అది సబబైన మాట.

ఇప్పుడు మా వాడి చూపు జొన్నల మీద పడింది. గ్లూటెన్ పడని స్నేహితుడొకడు ఉన్నాడట, బార్లీ ముట్టకూడదు. జొన్నలకి తనే మొలక కట్టుకుంటానంటున్నాడు. నేను ముందు చెప్పింది జాగ్రత్త. జొన్న కోశాక మోళ్ల మీద లేచే నాము మేసి పశువులు చచ్చిపోవడం మన రైతులకి కొత్త కాదు. అందులోని సైనైడు విషమే జొన్న మొలకలోనూ పుడుతుంది. అందుకే మొలకలని గలగలలాడేలా ఎండబెట్టి, వేర్లూ మొలకలూ నలిపి, చెరిగి పారెయ్యాలి.

ఇంకో చిక్కుంది. జొన్న గంజి ఉడకాలంటే 70 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి దాని ఎంజైము నిలవదు. "మొలకల పిండిని ముందు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, పైన తేరిన తేట వేరే గిన్నెలోకి వంచుకో. అడుగున మిగిలిన ముద్దని బాగా ఉడికించి, 65కి చల్లారాక ఆ తేట మళ్లీ కలుపు" అన్నాను.

"తేట ఎందుకత్తా, పారబోస్తే పోలేదా?"

"అయ్యో, పారబోయకురా నాన్నా, ఎంజైమంతా అందులోనే ఉంది!"