మూడు పందేల సంవత్సరం

సాహిత్యం బోధించేవారికి మోటారు పందేలతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. మా నిత్యకృత్యం మార్కులు వేయడం. ఆ పందేలలోనూ మమ్మల్ని ఆకర్షించినవి మార్కులే.

చక్రాలు బయటికి కనిపిస్తూ, ఒక్కరే కూర్చుని నడిపే కార్ల పందేలకు అమెరికాలో దీర్ఘ చరిత్ర ఉన్నది. 1996లో ఆ రంగం రెండుగా చీలింది. ఇండియానాపోలిస్ పందెపు బాటకు అధిపతియైన టోనీ జార్జి ఇండీ రేసింగ్ లీగ్‌ను నెలకొల్పగా, పేరుపొందిన చోదకులలో అనేకులు కార్ట్ అనే పాత సంస్థతోనే ఉండిపోయారు. కొత్త లీగు తొలి సీజన్ మూడే పందేలు: జనవరి 27న ఫ్లారిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్, మార్చి 24న ఫీనిక్స్, మే 26న ఇండియానాపోలిస్. అంతటితో సంవత్సరం ముగిసింది.

కాలం స్వల్పమైనదే గాని, చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. ఇండియానాపోలిస్‌లో అగ్రస్థానం నుండి బయలుదేరవలసిన స్కాట్ బ్రేటన్ మే 17న సాధనలో ప్రాణాలు కోల్పోయాడు. ఫీనిక్స్‌లో వెన్నెముక విరిగిన బడ్డీ లేజియర్ రెండు నెలలకే వచ్చి, 500 మైళ్ల ఆ పందెం గెలిచాడు. మూడు పందేలే కదా అని తేలికగా అనడానికి మాకు నోరు రాదు.

ఇక మార్కులు. బజ్ కాల్కిన్స్ స్థానాలు 1, 6, 17; వాటికి 35, 29, 18 పాయింట్లు. స్కాట్ షార్ప్ స్థానాలు 11, 2, 10. వాటికి 24, 33, 25. కూడి చూడండి, ఇద్దరికీ 82! పాల్గొన్న పందేల సంఖ్యతో మొత్తాన్ని గుణించడం ఆ లీగు నియమం. (హాజరుకు ఇంతటి గౌరవం మన కళాశాలల్లో కూడా లేదు.) ఇద్దరికీ 246 వచ్చాయి. సమానమైతే ఎవరు అధికులో తేల్చే నియమం లేనందున ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. ఒక్క పందెమూ గెలువని షార్ప్ విజేత ఎట్లా అయినాడని సందేహం కలుగక మానదు.

ఇటువంటి సందేహాన్నే మా తరగతుల్లో కొందరు విద్యార్థులు ఏళ్ల తరబడి మోస్తున్నారు. 2020లో మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదవ తరగతి పరీక్షలు పూర్తిగా జరుగలేదు, అందరూ ఉత్తీర్ణులైనారు. నాటి నుండి వారికి ‘కరోనా బ్యాచ్’ అనే ఎత్తిపొడుపు తప్పలేదు. బంధువులే కాదు, అధ్యాపకులు సైతం ఆ మాట అనగా విన్నాము. పరీక్షను కుదించినవారు ఆ పిల్లలు కారు. పెట్టిన పరీక్ష వ్రాశారు, పెట్టనిది ఎట్లా వ్రాయగలరు? వారి పట్టికను అనుమానించే ముందు, వారు పిదప వ్రాసిన జవాబుపత్రాలు చదవాలని మా అభిప్రాయం.

తర్వాతి సీజన్ 1996 ఆగస్టులోనే న్యూ హాంప్‌షైర్‌లో ఆరంభమైంది. ఆ మొదటి పందెం గెలిచినవాడు షార్ప్. కాల్కిన్స్ మాత్రం ఆ లీగులో మరొకటి గెలువలేదు.