ఎనిమిదో క్లాసు ఆర్‌సీఏ

మా ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయినప్పుడల్లా ఆర్‌సీఏ రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం నేర్చుకున్నాం.. ఈ మూడూ. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మూడోదాని కింద అందరం రాసేది ఒకటే. "ఇకపై టెస్టింగ్ మెరుగుపరుస్తాం". దసరా సెలవుకి బయల్దేరే ముందు రోజు కూడా ఒకటి సగం రాసి వచ్చా. కారణం దగ్గర "కాన్ఫిగరేషన్ సమస్య" అని పెట్టా. ఆ కాన్ఫిగరేషన్ మార్చింది నేనే అన్న సంగతి మాత్రం అందులో లేదు.

సరే, అసలు విషయానికొస్తా.

మాది సూళ్ళూరుపేట. పండక్కి నెల్లూరు నుంచి అక్కావాళ్ళు కూడా వచ్చారు. మా మేనల్లుడు ఎనిమిదో క్లాసు. "మావయ్యా, స్కూలు ప్రాజెక్టు, ఒకసారి చూడవా" అని కాగితం ఇచ్చాడు. "నా లక్ష్యాలు, నేను నేర్చుకున్న పాఠాలు". ఐఐటీలో కంప్యూటర్ సైన్స్, తర్వాత స్టార్టప్, ఆపైన దేశసేవ. పాఠాల కింద "నా తప్పుల నుండి నేను ఎంతో నేర్చుకున్నాను" అని ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. చాట్‌జీపీటీ రాసిందని చూడగానే తెలిసిపోయింది. నేనూ ఆర్‌సీఏలు దానితోనే రాయిస్తా కాబట్టి తిట్టే హక్కు నాకు లేదు :)

ఊరికే అడిగా.. "ఏ తప్పురా?"

వాడు కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు.

వాన లేదు కదాని ఆ రాత్రి మేడ మీద పడుకున్నాం. చాలాసేపటికి దుప్పట్లోంచి చెప్పాడు. ఫౌండేషన్ బ్యాచ్‌లో మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కి దించేసారట. రెండు నెలలైంది. స్కూలు నుంచి మెసేజ్ వస్తే వాళ్ళమ్మ ఫోన్లోంచి తీసేసాడు. "అమ్మకి చెప్పకు మావయ్యా" అన్నాడు.

ఏమనాలో తెలీక, అదే మేడ మీద జరిగిన నా కథ చెప్పా.

మా ఊరి పిల్లలు లక్ష్యం కోసం వెతుక్కోనక్కర్లేదు. పులికాట్ దాటితే శ్రీహరికోట. 2008 అక్టోబర్ 22న చంద్రయాన్-1 వెళ్ళిన రోజే నోట్సు వెనక అట్ట మీద "షార్‌లో సైంటిస్ట్" అని రాసేసుకున్నా. ఎనిమిదికొచ్చేసరికి క్వార్టర్లీ లెక్కల్లో యాభైకి 14. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టేసా.

2010 డిసెంబర్ 25, క్రిస్మస్ సెలవు. సాయంత్రం నాలుగు దాటాక జీఎస్ఎల్వీ-ఎఫ్06 లేచింది. వీధి వీధంతా మేడల మీదే ఉంది. నిమిషం కూడా కాలేదు, ఆకాశంలో ముక్కలైపోయింది. మాకు ముందు అది కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది. ఎవరూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయారు.

కొన్నాళ్ళకి ఇస్రో కారణం చెప్పింది. క్రయోజనిక్ దశ అడుగున ఉన్న పది కనెక్టర్లు ఊడిపోయాయట. పైనున్న కంప్యూటర్ ఆదేశాలు కింది ఇంజన్లకి అందలేదు. నాన్న పేపర్లో అది చదివి "చూసావా, దేశమంతా చూస్తుండగా పోయింది. అయినా ఏ వైరు ఊడిందో కూడా చెప్పారు" అన్నారు. ఆయనకి నా సంగతి తెలీదు. నాకు మాత్రం అన్నం గొంతు దిగలేదు. ఆ రాత్రే చెప్పేసా.

కొట్టలేదు. రెండ్రోజులు మాట్లాడలేదు, అది ఇంకా కష్టం. మూడో రోజు "పేపరు పట్రా, ఎక్కడ పోతోందో చూద్దాం" అన్నారు. చూస్తే, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల గుర్తులన్నీ మారతాయన్న సంగతి నాకు ఏడో క్లాసు నుంచీ రాదు! పోయిన లెక్కల్లో సగం అక్కడే పోయాయి.

తర్వాతి జీఎస్ఎల్వీ 2014 జనవరి 5న గానీ ఎగరలేదు. అది నెగ్గింది. నేను సైంటిస్ట్‌ని కాలేదు. ఆ మైనస్ మాత్రం మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు.

"తాతయ్య కొట్టలేదు. అమ్మ తిడుతుంది" అన్నాడు వాడు.

"తిడుతుంది. తిట్టాక?"

జవాబు లేదు. పొద్దున టిఫిన్ల దగ్గర చెప్పేసాడు. అక్క వాణ్ణి తిట్టింది, "నీకు ముందే తెలుసా" అని నన్నూ తిట్టింది. చల్లారాక "అసలెందుకు తగ్గాయిరా మార్కులు?" అనడిగింది. "స్కూలయ్యాక ఎనిమిదింటి దాకా ఫౌండేషన్ కదమ్మా. ఏడింటికే నిద్రొచ్చేస్తుంది" అన్నాడు. ఆ బ్యాచ్‌లో చేర్పించింది అక్కే. ఇంకేం మాట్లాడలేదు, వాడి ప్లేట్లో ఇంకో దోసె వేసింది. ఆ బ్యాచ్ మానిపిస్తుందో లేదో ఇంకా తేలలేదు.

వెళ్ళేముందు కొత్త కాగితం చూపించాడు. లక్ష్యాలు అవే. పాఠాల కింద పాతదంతా తీసేసి సొంతంగా ఒక్క ముక్క రాసాడు. "రెండు నెళలు దాచాను. చదవడం కంటే దాచడం కష్టం". ఆ అచ్చుతప్పు నేను దిద్దలేదు.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఆర్‌సీఏ తెరిచా. "కాన్ఫిగరేషన్ సమస్య" కొట్టేసి "కాన్ఫిగరేషన్ మార్చింది నేను, రివ్యూకి పంపకుండా మార్చాను" అని రాసి పంపా. మేనేజర్ నుంచి జవాబు ఇంకా రాలేదు.