తీసిన ఫొటో ఇంటికి చేరాలంటే...

అది 1915. అంటార్కిటికా సముద్రంలో ‘ఎండ్యూరెన్స్’ అనే ఓడ మంచులో ఇరుక్కుపోయింది. నెలల తరబడి కదల్లేదు. చివరికి మంచుగడ్డల ఒత్తిడికి నుజ్జవుతుంటే అందరూ దిగి మంచు మీదే గుడారాలు వేసుకున్నారు. ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ మాత్రం మళ్లీ ఓడలోకి వెళ్లాడు. చొక్కా విప్పేసి, మంచుముక్కలు తేలే నీళ్లలో తడుముకుంటూ తన నెగెటివ్‌లున్న డబ్బాలు వెతికి తీశాడు. అప్పట్లో నెగెటివ్ అంటే గాజు పలక. గట్టిగా అతుకు వేసిన డబ్బాలు కాబట్టి లోపలికి నీళ్లు పోలేదు.

అసలు కష్టం ఆ తర్వాతే వచ్చింది. పడవలను మంచు మీద ఈడ్చుకుంటూ నడవాలి. ప్రతి కిలో బరువూ లెక్కే. గాజు పలకలన్నీ మోయడం అయ్యే పని కాదు. హర్లీ, యాత్ర నాయకుడు షాకల్టన్ మంచు మీద కూర్చుని ఒక్కొక్క పలకా చూశారు. సుమారు 120 ఉంచుకుని, 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టేశారు. ఊరికే పక్కన పెడితే మళ్లీ మనసు మారుతుందేమోనని!

ఇప్పుడు యాత్రకు వెళ్లేవాళ్లకి ఆ బరువు లేదు. వేలిగోరంత కార్డులో వేల ఫొటోలు పడతాయి. కానీ తేలికైనకొద్దీ ఇంకో చిక్కు వచ్చిపడింది. రీలు కెమెరాల కాలంలో ఒక రీలు పోతే పోయేది 36 ఫొటోలే. మిగిలిన తొమ్మిది రీళ్లూ సంచిలో భద్రంగానే ఉండేవి. ఇప్పుడు కార్డు పోతే కాశీ నుంచి కన్యాకుమారి దాకా మొత్తం యాత్రే పోతుంది. యాత్రకు ఏ నిల్వ పరికరం కొనాలన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ‘ఎన్ని ఫొటోలు పడతాయి’ అని కాదు, ‘పోతే ఎన్ని పోతాయి’ అని అడగాలి.

కాకినాడలో ఉండే ఓ రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్‌కి ఈ సంగతి పాపికొండల యాత్ర నేర్పింది. 2010 చలికాలంలో అత్తగారి వైపు బంధువులు పద్దెనిమిది మంది కలిసి లాంచీ ఎక్కారు. కొల్లూరు వెదురు గుడిసెల్లో రాత్రి బస. కెమెరాలో ఉన్నది 2 జీబీ కార్డు. అది నిండగానే ల్యాప్‌టాప్ తెరిచి, ఫొటోలన్నీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి, మర్నాడు మళ్లీ తీశారు. కొండల మధ్య సన్నబడిన గోదారి, పేరంటాలపల్లి మెట్లు, అన్నిటికీ మించి లాంచీ కొసన నిలబడి గాలికి ఎగిరే కండువాను రెండు చేతులా పట్టుకుని పకపకా నవ్వుతున్న మావయ్యగారు. ఎప్పుడూ కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనిషి ఆయన!

వారం తర్వాత ఇంట్లో అందరూ కంప్యూటర్ ముందు చేరి ఆ ఫొటోలు చూస్తున్నారు. ఎవరి కాలో వైరుకి తగిలింది. హార్డ్‌డిస్క్ టేబుల్ మీద నుంచి కింద పడింది. రెండున్నర అడుగుల ఎత్తు. అంతే. మళ్లీ తగిలిస్తే లోపల నుంచి ‘టిక్ టిక్’ అన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సికింద్రాబాద్‌లో ఓ దుకాణానికి తీసుకెళితే వాళ్లు కష్టపడి కొన్ని వెనక్కి తెచ్చారు. అరటి గెలలు వచ్చాయి. లాంచీ ఇంజను వచ్చింది. భోజనాల బంతి సగం వచ్చింది. మావయ్యగారు రాలేదు. మరుసటి ఏడాది ఆయన కాలం చేశారు. ఇప్పుడు హాల్లో దండ వేసి ఉన్నది బ్యాంకు పని కోసం ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటో. దాన్నే పెద్దది చేయించారు. అందులో ఆయన బిగుసుకుపోయే ఉన్నారు.

హార్డ్‌డిస్క్ అంత సున్నితంగా ఎందుకుంటుంది? లోపల అద్దంలా మెరిసే పళ్లెం నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటుంది. దాని మీద చదివే ‘తల’ పళ్లేన్ని తాకదు. తిరుగుడుకి పుట్టే పల్చటి గాలి పొర మీద, వెంట్రుక మందంలో వేలో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది. ఆగి ఉన్నప్పుడు పడితే తట్టుకోవచ్చేమో కానీ, తిరుగుతుండగా పడితే తల వెళ్లి పళ్లెం మీద గీసుకుంటుంది. గీత పడిన చోట ఉన్నది ఎవరి నవ్వయినా సరే, పోయినట్టే.

ఆ రోజుల్లో యాత్రల ఫొటోగ్రాఫర్ల కోసమే కొన్ని పెట్టెలు వచ్చాయి. ఎప్సన్ కంపెనీ 2004లో తెచ్చిన పీ-2000 వాటిలో బాగా పేరున్నది. 40 జీబీ హార్డ్‌డిస్క్, 3.8 అంగుళాల తెర. కార్డు దూర్చి బటన్ నొక్కితే ల్యాప్‌టాప్ అవసరం లేకుండా ఫొటోలు లోపలికి వెళ్లిపోయేవి. 2005లో ఆపిల్ వాళ్లు ఐపాడ్‌కి కెమెరా తగిలించే చిన్న ముక్క అమ్మారు. పాటల డబ్బాలో ఫొటోలూ దాచుకోవచ్చని ముచ్చటపడ్డవాళ్లు చాలామందే. తర్వాత వైఫైతో పనిచేసేవీ వచ్చాయి. వాటిలో చాలా మోడళ్లు ఇప్పుడు తయారు కావడం లేదు. ఇది కొనేముందు గుర్తుంచుకోవలసిన సంగతే. తన సొంత యాప్ ఉంటే తప్ప తెరుచుకోని పరికరం, ఆ యాప్ ఆగిపోయిన రోజు ఇటుకముక్కతో సమానం. ఏ కంప్యూటర్‌కి తగిలించినా మామూలు ఫోల్డర్‌లా తెరుచుకునేదే మేలు.

ఇక మన లెక్చరర్ గారి రెండో యాత్ర. రిటైరయ్యాక లద్దాఖ్ వెళ్దామనుకున్నారు, భార్యాభర్తలిద్దరూ. లేహ్, పాంగాంగ్ సరస్సు, అక్కడి నుంచి హాన్లే. హాన్లేలో ఖగోళ పరిశోధనశాల ఉంది. చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశాన్ని కాపాడే రిజర్వుగా ప్రకటించారు. పాలపుంతను ఫొటో తీయాలన్నది ఆయన కోరిక. పాలపుంతంటే ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు, రాత్రంతా వందల ఫ్రేములు తీయాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కూతురికి ఫోన్ చేశారు.

“2 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి చూశానమ్మా. బోలెడు చోటు.”

“మళ్లీ హార్డ్‌డిస్కేనా నాన్నా?”

“ఈసారి కింద పడనివ్వనులే.”

“పడక్కర్లేదు నాన్నా. మీరు ఫిజిక్సే కదా చెప్పింది, గాలి మీద తేలుతుందని. అక్కడ గాలేదీ?”

ఆయన కాసేపు మాట్లాడలేదట. పాఠం చెప్పినాయనకే తట్టలేదు మరి! మామూలు పోర్టబుల్ హార్డ్‌డిస్కుల్లో చాలావాటిని సుమారు 3,000 మీటర్ల, అంటే పదివేల అడుగుల ఎత్తు వరకు పనిచేసేలా తయారుచేస్తారు. అంతకు పైకి వెళితే గాలి పల్చబడి, తలను పైకి మోసే పొర బలహీనపడుతుంది. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. పాంగాంగ్ నాలుగు వేలు దాటుతుంది. హాన్లే పరిశోధనశాల 4,500 మీటర్ల ఎత్తున ఉంది. చార్‌ధామ్ వెళ్లేవాళ్లూ చూసుకోవాలి, కేదార్‌నాథ్ కూడా మూడున్నర వేల మీటర్ల పైనే. అక్కడ వాడగానే డిస్క్ చెడిపోతుందని కాదు. చెడిపోదన్న హామీ ఉండదంతే. అరకు, ఊటీలకు ఈ బెంగ అక్కర్లేదు.

ఆ హిమాలయాల్లోనే 1866లో శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 18,600 అడుగుల మణిరంగ్ కనుమ మీద ఫొటోలు తీశాడు. గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి గుడారం మోయడానికి పదుల సంఖ్యలో కూలీలు వెంట నడిచేవారు. గాజుకి గాలి పల్చబడితే ఏమీ కాదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ కూడా అలాంటిదే. అందులో తిరిగేదీ తేలేదీ ఏమీ ఉండదు, అంతా చిప్పులే. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. కింద పడినా సాధారణంగా ఏమీ కాదు. ఒకే ధరకు హార్డ్‌డిస్క్‌లో వచ్చేంత చోటు ఇందులో రాదు. కానీ యాత్రకు అంత చోటు దేనికి? లెక్చరర్ గారు లెక్క కట్టారు. ఆయన కెమెరాలో ఒక రా ఫొటో సుమారు 30 ఎంబీ. రోజుకి 300 తీసినా పది రోజులకి 90 జీబీ. హాన్లే రాత్రులు, వీడియోలు కలిపినా 500 జీబీ దాటదు.

మరి ఫొటోలు కార్డులో నుంచి దానిలోకి ఎలా వెళ్తాయి? ల్యాప్‌టాప్ మోయాలని ఇప్పుడు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటికి ఎస్‌ఎస్‌డీ నేరుగా తగిలించవచ్చు. ఐఫోన్, ఐప్యాడ్‌లకూ 2019లో ఆ సదుపాయం వచ్చింది. కార్డు దూర్చే చోటు, ఎస్‌ఎస్‌డీకి చోటు, చార్జర్‌కి చోటు ఉన్న చిన్న హబ్ ఒకటి ఉంటే చాలు. చార్జర్ చోటు ఎందుకంటే, కొన్ని డ్రైవులకి కావలసినంత కరెంటు ఫోన్ ఇవ్వలేదు. సగం కాపీ అయ్యాక ఆగిపోతే అదో తలనొప్పి. ఇంకోటి, డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి. పాత ఫ్యాట్32 అయితే 4 జీబీ మించిన వీడియో ఫైలు ఎక్కదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే కొన్ని ఫోన్లు గుర్తుపట్టవు. ఇవన్నీ హాన్లేలో కాదు, ఇంట్లో కాఫీ తాగుతూ పరీక్షించుకోవాలి. ఆయన నాలుగుసార్లు పరీక్షించారు. నాలుగోసారి వైరు తప్పని తేలింది. చార్జింగ్‌కి వాడే వైరుతో 64 జీబీ కార్డు కాపీ చేయడానికి అరగంట పైనే పట్టింది. వేగంగా పనిచేసే వైరు పెడితే పావుగంట లోపే అయింది.

ఆన్‌లైన్‌లో ‘16 టీబీ ఎస్‌ఎస్‌డీ’ అంటూ కారుచౌకగా అమ్మేవాటి జోలికి మాత్రం పోవద్దు. అందులో నిజంగా ఉండేది చాలా కొంచెం చోటు. కంప్యూటర్‌కి మాత్రం ఎక్కువ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. ఆ కొంచెం నిండాక వేసిన ఫొటోలు పేర్లతో కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. పరికరం పాడైతే వెంటనే తెలుస్తుంది. ఇది మోసం చేసినట్టు ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

కూతురు ఒకటికి పదిసార్లు చెప్పిన మాట ఇంకొకటుంది. ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాక కార్డు ఖాళీ చేయకూడదు. పాపికొండల్లో జరిగిన నష్టానికి హార్డ్‌డిస్క్ సగమే కారణం. కార్డు ఖాళీ చేయడం మిగతా సగం. అప్పట్లో కార్డులు ఖరీదు, ఖాళీ చేయక తప్పలేదు. ఇప్పుడు నాలుగు కార్డులు అదనంగా కొనడం పెద్ద ఖర్చు కాదు. నిజం చెప్పాలంటే, వారం రోజుల యాత్రకు జేపీఈజీ ఫొటోలు మాత్రమే తీసుకునే కుటుంబాలకి ఏ పెట్టే అక్కర్లేదు. రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టుకుంటే సరి. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఇంట్లో అది తేలికే. ప్రయాణంలో ‘వేరే చోటు’ ఎక్కడ?

క్లౌడ్ అంటారు కుర్రకారు. రోజుకి పది జీబీ రా ఫొటోలు పంపే నెట్ సరస్సు ఒడ్డున దొరకదు. అందుకని తండ్రీకూతుళ్లు ఓ ఒప్పందానికి వచ్చారు. హోటల్లో నెట్ దొరికిన రాత్రి, ఆ రోజువాటిలో ఇరవై ఎంచి చిన్నవిగా చేసి కూతురికి పంపాలి. హర్లీ మంచు మీద కూర్చుని చేసిన ఎంపిక లాంటిదే. కాకపోతే ఇక్కడ మిగతావి పగలగొట్టక్కర్లేదు. మిగతావాటికి ‘వేరే చోటు’ అంటే వేరే సంచి. కార్డులు ఆయన జేబులో, ఎస్‌ఎస్‌డీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో. రెండూ ఒకే సంచిలో పెడితే దొంగకి ఒక ప్రతి అయినా పది అయినా ఒకటే. విమానంలో రెండూ చేతి సంచుల్లోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

చలిలో తిరిగి వెచ్చటి గదిలోకి వస్తే కెమెరా మీద, డ్రైవ్ మీద తేమ పట్టేస్తుంది. బయట ఉండగానే జిప్ కవర్లో వేసి మూస్తే ఆ తేమ కవరు మీదే ఆగుతుంది. గది వేడికి అలవాటుపడ్డాక తీయాలి. కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు పెద్దవి చేసి చూడాలి. మొదటివి కాదు, చివరివి. మధ్యలో ఆగిపోతే లోపించేవి అవే. ఇంటికొచ్చాక ఎస్‌ఎస్‌డీని బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మర్చిపోవడమూ మంచిది కాదు. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే చిప్పుల్లోని సమాచారం చెదిరిపోయే అవకాశముంది. ఇంట్లో కదలకుండా ఉండే ప్రతికి హార్డ్‌డిస్కే నయం. టేబుల్ అంచుకి దూరంగా!

హాన్లేలో రెండో రాత్రి ఒంటిగంటన్నరకి ఆయన వణుకుతూ గదిలోకి వచ్చారు. కార్డు కాపీకి పెట్టి, చివరి ఫొటోలు తెరిచి చూసి, ఎస్‌ఎస్‌డీని రగ్గు కప్పుకుని కూర్చున్న భార్య చేతికిచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు.

“ఏవండీ, ఇందులో నా ఫొటో ఒక్కటైనా ఉందా, అన్నీ చుక్కలేనా?”