సింధనూరులో ఆగిన చక్రాల ఇల్లు

రాయచూరు నుండి మాన్వి మీదుగా సింధనూరు వెళ్ళే బాటసారికి ఈ సీమ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కాలువలూ, వరి మళ్ళూ తామే చెబుతాయి. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు వదలిన తరువాత గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇటు తరలివచ్చి, ఎడమ కాలువ క్రింద నల్లరేగడి నేలలు కొని, చదును చేసి వరి పండించారు. వారు దిగిన తావులకు క్యాంపులని పేరు వచ్చింది. మనుమలు పెరిగి పెద్దవారైనా ఆ పేరు పోలేదు. కాలువ పొడవు 227 కిలోమీటర్లు. చివరి భూములకు నీరందునా అన్నదే అక్కడివారి నిత్యచింత.

2024 డిసెంబరులో మేము మంత్రాలయం చూచుకొని, హంపీకి పోతూ ఈ దారిన వచ్చాము. పడక, వంట, మరుగుదొడ్డి అన్నీ అమర్చిన మోటారు బండి ఒకటి అద్దెకు తీసుకొన్నాము. ఇది విలాసం కోసం కాదు. ఎనభై ఏళ్ళ మా అమ్మగారికి మోకాళ్ళు వంగవు. దారిలో ఎక్కడబడితే అక్కడ దిగి కూర్చోవడం ఆమె వల్ల కాదు. కనుక ఆ బండిలో అన్నిటికంటె ముఖ్యమైన గది ఆ మూలనున్న చిన్న గదియే.

మాన్వి దాటగానే అందులో మీట నొక్కితే నీళ్ళు రావడం మానివేశాయి. అమ్మగారు ఎవరినీ ఏమీ అనలేదు. మంచినీళ్ళు త్రాగడం మాత్రం మానివేశారు. ఎండ బాగా ఎక్కిన తరువాతగాని ఆ సంగతి మాకు తెలియలేదు. ముసలివారు తమ ఇబ్బందిని ఇలాగే దాచుకొంటారు.

సింధనూరు దగ్గర ఒక క్యాంపులో మా మేనమామగారి కుటుంబం వున్నది. బండిని వారి వాకిట ఆపాము. ఈ బండ్లలో మలినమంతా క్రిందనున్న డబ్బాలో చేరుతుంది; దానిని బయటికి లాగి ఖాళీ చేయాలి. డ్రైవరు ప్రక్కనున్న కాలువ చూపి, ‘‘అందులో వంచేద్దామా?’’ అన్నాడు. మామయ్యగారు గబుక్కున లేచి, ‘‘తప్పు నాయనా! దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే చెరువుకు పట్టి త్రాగుతారు’’ అని, డబ్బాను తమ దొడ్లోని మరుగుదొడ్డిలో ఖాళీ చేయించారు.

ఊళ్ళో మందు చల్లే పంపులు బాగుచేసే ఒకాయనను పిలిపించారు. కన్నడిగుడు, తెలుగు కూడా చక్కగా మాట్లాడతాడు. ముందు వంటగది కుళాయి తిప్పి చూచాడు. నీళ్ళు వచ్చాయి. అనగా తొట్టిలో నీరున్నది, పంపూ బాగున్నది. ఫ్యూజు చూచాడు, అదీ సరిగానే వున్నది. మీట నొక్కి చెవి ఒగ్గితే లోపల ‘టక్’ మని చప్పుడైంది. కరెంటు వాల్వు దాకా వస్తున్నదన్నమాట. అప్పుడు పంపు కట్టివేసి, కుళాయి తెరచి గొట్టంలో ఒత్తిడి పోనిచ్చి, వాల్వు విప్పాడు. నీరు ప్రవేశించే చోట గోరంత జల్లెడ వున్నది. దారిలో పట్టిన బోరు నీళ్ళ సున్నమూ, ఇసుకా కలిసి దానిని పూడ్చివేశాయి. ‘‘ఏనూ ఆగిల్ల, కస సిక్కిదె’’ అని నవ్వాడు. ఏమీ కాలేదు, చెత్త ఇరుక్కున్నదని అర్థం. నిమ్మరసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలో జల్లెడను నానవేశాడు.

అది నానేలోపల అరుగు మీద తుంగభద్ర కబుర్లు వచ్చాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండివున్న సమయం. పైరుకు దాచిన నీరు ఏటిపాలవుతుంటే క్యాంపుల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదట. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు ముందు నిలువగా, పారే నీటిలోనే ఉక్కు పలకలు ఒకదానిపై ఒకటి దించి, వారం రోజుల్లో ఆ కంతను మూశారు. ‘‘ఆయన మన తెలుగువాడని చెప్పుకొంటాము గాని, ఆ పలకలు దించిన కూలీల్లో అన్ని భాషలవాళ్ళూ వున్నారు’’ అన్నారు మామయ్యగారు.

అరగంటకు జల్లెడ తెల్లబడింది. వాల్వు బిగించి మీట నొక్కగానే నీళ్ళు జలజల వచ్చాయి. కాని గిన్నె అడుగున నిలువక మెల్లగా జారిపోతున్నాయి. నీరు నిలువకపోతే డబ్బాలోని వాసన పైకి వస్తుంది. గిన్నె క్రింది పలకను ఒరసుకొనే రబ్బరు పట్టీ ఎండిపోయి, ఇసుక పట్టివున్నది. దానిని మెత్తని గుడ్డతో తుడిచి, సిలికాను గ్రీజు పలచగా రాశాడు. వాజలీను రాస్తే రబ్బరు ఉబ్బి చెడుతుందట.

అటువంటి బండి తీసుకొనేవారికి మా మనవి ఒక్కటే. పడకలు మెత్తగా వున్నవా అని చూడకముందే ఆ మీట నొక్కి చూడండి; గిన్నెలో నీరు నిలుస్తున్నదా గమనించండి; వెంట ఒక గ్రీజు గొట్టమూ, నాలుగు నిమ్మకాయలూ వుంచుకొనండి. అన్నిటికంటె ముఖ్యం, పెద్దవారు నీళ్ళు త్రాగుతున్నారో లేదో కనిపెట్టి వుండండి. ఆ మధ్యాహ్నం మీట పనిచేసిందని విన్న తరువాతనే మా అమ్మగారు రెండు గ్లాసుల మజ్జిగ పుచ్చుకొన్నారు.