సముద్రంలో ఏసీ

"సముద్రం మీద తిరిగే పడవకి ఏసీ ఏమిట్రా, ఆ గాలి చాలకనా?" అని మా అమ్మ ఇప్పటికీ నా వృత్తిని వెక్కిరిస్తుంది. రోహిణీ కార్తెలో విశాఖ రేవుకి తీసుకొచ్చి అద్దాల క్యాబిన్‌లో ఓ పావుగంట కూర్చోబెడితే ఆ మాట అనదు. మన మెకానికల్ వాళ్ళలో పడవల వైపు వచ్చేవాళ్ళు తక్కువ గనక, ఈ సంచికకి ఆ ముచ్చటే రాస్తున్నాను.

ఇంటి ఏసీ వేడిని గాలిలోకి వదులుతుంది, పడవ ఏసీ నీళ్ళలోకి వదులుతుంది. పడవ అడుగున ఉన్న రంధ్రం గుండా పంపు సముద్రపు నీటిని లాగుతుంది. ఆ నీరు జల్లెడ దాటి, కండెన్సరులో తిరిగి, పక్క బెజ్జంలోంచి మళ్ళీ సముద్రంలో పడుతుంది. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్లు కావాలి. నీళ్ళు తగ్గితే వేడి పోదు, గ్యాసు పీడనం పెరుగుతుంది, హైప్రెషర్ స్విచ్ కంప్రెసర్ని ఆపేస్తుంది. అలా ఆగుతుంది గనకే కంప్రెసరు బతుకుతుంది.

2019 వేసవిలో ఒక ఓనరు గారు కబురు పెట్టారు. షికారుకి అద్దెకిచ్చే ఫైబరు పడవ. రెండు ఏసీలు కలిపి 32,000 బీటీయూలు, రెంటికీ ఒకటే పంపు. అప్పటికే ఒక మెకానిక్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ గ్యాసు నింపి బిల్లు పట్టుకెళ్ళాడు. సీలు చేసిన గొట్టాల్లో గ్యాసు కిరసనాయిలులా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు వెతికినవాడు లేడు. నాలుగోసారి ఆయనే, "మీ సరంగు జల్లెడ కడగడం లేదండీ" అని తేల్చేశాడు. ఓనరు గారు ఆ నెల జీతంలో రెండు వేలు పట్టుకుని, వచ్చే నెల వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

సరంగుకి అరవై ఏళ్ళుంటాయి. నేను వెళ్ళేసరికి ఓ మూల నిలబడి ఉన్నాడు. ఓనరు గారు పక్కకి వెళ్ళాక నోరు విప్పాడు:

"జల్లెడ రోజూ కడుగుతాను బావూ. జెట్టీ కాడ బాగానే ఆడతాది. బయలెల్లి జోరందుకున్నాక సచ్చిపోతాది."

సగం జవాబు ఆ మాటల్లోనే ఉంది. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ పడవ జెట్టీకి కట్టేసి ఉంది! మన ల్యాబుల్లోనూ యంత్రాలన్నీ నేలకి బిగించే ఉంటాయి గదా, లెక్చరర్లు క్షమించాలి.

జల్లెడ తీసి చూశాను. అద్దంలా ఉంది. బయటికి పడే ధార కింద 15 లీటర్ల బకెట్టు పట్టాను. అరనిమిషంలో నిండింది, అంటే లెక్కకి సరిపోయింది. అప్పుడు, "పెద్దాయనా, పోనియ్యి" అన్నాను. రేవు దాటి జోరు పెరిగేసరికి ధార దగ్గింది, బుడగలు కక్కింది, ఆగిపోయింది. కాసేపటికి కంప్రెసర్లు రెండూ ఠక్కున ఆగాయి. ఈ రకం పంపు గాలి మింగితే నీటిని లాగలేదు. పడవ ఆపి, గొట్టం వదులు చేసి గాలి తీసేస్తే మళ్ళీ ధార వచ్చింది.

పడవ అడుగున రంధ్రానికి బిగించే గిన్నెలాంటి తొడుగు మూతి ముందుకి చూడాలి. అప్పుడు పడవ నడకే నీటిని లోపలికి తోస్తుంది. వెనక్కి చూస్తే ఆ నడకే నీటిని బయటికి గుంజుతుంది. ఈ పడవ ఫిబ్రవరిలో రంగుల కోసం స్లిప్‌వే ఎక్కి దిగిందట. ఏసీ గోల మొదలైంది ఆ తర్వాతే.

ఇంజను ఆపించి కలాసీ కుర్రాణ్ణి దింపాం. వాడు చేత్తో తడిమి పైకొచ్చి, "మూతి ఎనక్కి ఉంది బావూ" అన్నాడు.

"మూతి తిరిగితే ఏసీ ఆగుతుందా ఇంజనీరు గారూ?" అని ఓనరు గారు ఓ పట్టాన నమ్మలేదు. మళ్ళీ స్లిప్‌వే ఎక్కించి స్క్రూలు విప్పి మూతి తిప్పించాం. ఈలోగా ఏసీలకి గేజీ పెడితే గ్యాసు ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. అంతా సిలిండరులోకి తీసి, యంత్రం పలక మీద రాసిన గ్రాముల లెక్కకి తూచి నింపాను.

ఆ సాయంత్రం డాల్ఫిన్స్ నోస్ దాటి ఫుల్ స్పీడులో వెళ్ళాం. ధార తెగలేదు. సరంగు చుక్కాని కుర్రాడికిచ్చి, తను పక్కకి వంగి ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. ఏసీ క్యాబిన్‌లోకి రమ్మంటే రాలేదు.

పట్టుకున్న రెండు వేలూ ఓనరు గారు తిరిగిచ్చేశారు. సరంగు ఆ పడవ మీదే ఉండిపోయాడు. మూడు గ్యాసు బిల్లుల డబ్బు మాత్రం ఇంకా వసూలు కాలేదు.