ఓదాతె కుక్కల వంశావళి

1920లో వతాసె షోజాబురో అనే జంతుశాస్త్రవేత్త తోక్యో నుంచి ఓదాతె అనే ఊరికి వచ్చాడు. అంతకు ముందు ఏడే జపాన్‌లో చారిత్రక స్థలాల్నీ అరుదైన జీవుల్నీ కాపాడే చట్టం వచ్చింది. ఆ ఊరి పెద్దకుక్కల్ని దాని కిందికి తేవచ్చునేమో చూడాలని ఆయన ఉద్దేశం. కుక్కల్ని చూశాడు. దేన్నీ ఎంచలేకపోయాడు. అన్నీ కలగాపులగం అయిపోయి ఉన్నాయి.

ఏడేళ్ల తర్వాత ఆ ఊరివాళ్లే పూనుకుని ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు అకితా కుక్కల సంరక్షణ సంఘం; ఓదాతె కుక్కల్ని ఇప్పుడు పిలిచేది అకితా అనే. సంఘాన్ని క్లుప్తంగా అకిహో అంటారు. నేను జపాన్‌లో చూడాలనుకున్నది ఆ సంఘాన్నీ, అది తరాల తరబడి రాసి పెట్టుకున్న వంశావళుల్నీ.

అంత దూరం వెళ్లడానికి నాకు సొంత కారణం ఉంది. మాది భీమవరం వైపు. రాజపాళయం వేటకుక్క గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. విజయనగర కాలంలో ఇటు నుంచి తమిళదేశం వెళ్లి స్థిరపడ్డ తెలుగు రాజులు ఆ ఊళ్లో పెంచిన తెల్లకుక్క అది. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. ఆ కుక్కల్ని పెంచేవాళ్లతో నేను కూర్చున్నప్పుడల్లా తల్లి ఫలానా, తండ్రి ఫలానా వారింటి కుక్క అని నోటితోనే చెప్పారు. చెప్పే పెద్దాయన పోతే ఆ వంశం కూడా ఆయనతోనే పోతుంది. ఒక ఊరు కూర్చుని తన కుక్కల పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద పెడితే ఏమవుతుందో కళ్లారా చూడాలనిపించింది.

తోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దుబాసీగా వస్తానన్నాడు. మే నెల మొదటివారం అక్కడ వరస సెలవులు. రైళ్లు కిటకిటలాడుతున్నాయి. ఎర్రటి కొమాచి రైలు మొరియొకా దాకా దూసుకుపోయింది. అక్కడి నుంచి కొండల మధ్య పాత పట్టాల మీద నెమ్మదిగా వంపులు తిరిగింది. ఒమగారిలో ఇంజను మార్చకుండానే రైలు దిశ మార్చుకుంటుంది. అప్పటిదాకా ముందుకు వెళ్తున్నవాళ్లం అక్కడి నుంచి అకితా దాకా వెనక్కి ప్రయాణం చేశాం. సీట్లు తిప్పుకోవచ్చు గానీ ఎవరూ తిప్పుకోలేదు. అకితాలో మరో రైలెక్కి ఉత్తరంగా గంటన్నర. కిటికీ పక్కన మళ్లలో నీళ్లు పెడుతున్నారు. ఇంకా నాట్లు పడలేదు. డెల్టావాడికి ఆ దృశ్యం కొత్త కాదు, కానీ మడి గట్ల వెనకే దేవదారు కొండలు లేవడం కొత్త.

ఓదాతె స్టేషన్లో దిగగానే హచికో పేరు ఎదురవుతుంది. చనిపోయిన ప్రొఫెసర్ కోసం తోక్యోలోని షిబుయా స్టేషన్ బయట ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ కుక్క 1923 నవంబరులో పుట్టింది ఇక్కడే. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు గడ్డి బస్తాలో పెట్టి రైల్లో తోక్యో పంపారు. స్టేషన్ ఎదురుగా 2019లో కట్టిన పర్యాటక కేంద్రానికి పాత షిబుయా స్టేషన్ రూపం ఇచ్చారు. అక్కడ జనం బారులు తీరి ఉన్నారు. మేం స్టేషన్ దగ్గర పేరుపడ్డ కోడికూర అన్నం డబ్బాలు రెండు కొనుక్కుని నేరుగా పాత కోట వైపు నడిచాం.

కోట ఇప్పుడు లేదు. అది ఉన్నచోట ఒక పార్కు. దాని పక్కనే సంఘం భవనం, అకితా కుక్కల హాలు. సంఘానికి యాభై ఏళ్లు నిండిన 1977లో కట్టుకున్నారు. మూడో అంతస్తు మ్యూజియం. ఒకే ఒక్క కుక్కజాతి కోసం మ్యూజియం నడుపుతున్న సంఘం ఇంకోచోట నేను చూడలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆ సంఘం తన చరిత్ర చెప్పుకునేటప్పుడు ఊరి తప్పుల్ని దాచుకోకపోవడం. మొదట ఇవి కొండల్లో ఎలుగుబంటి వేటకి వెళ్లే మతాగి వేటగాళ్ల కుక్కలు. మధ్యస్థంగా, చురుగ్గా ఉండేవి. ఊళ్లో సమురాయ్‌లకి కుక్కపోట్లు సరదా. మెయిజీ కాలానికి ఆ సరదా పందేలుగా ముదిరింది. 1890ల చివర్లో దక్షిణాది నుంచి తోసా కుక్కలు వచ్చాయి. అవి అప్పటికే పాశ్చాత్య మాస్టిఫ్, బుల్‌డాగ్ రక్తం కలిసిన పోట్లకుక్కలు. వాటి చేతిలో ఓదాతె కుక్క ఓడిపోవడం మొదలైంది. ఓటమి తట్టుకోలేక ఊరివాళ్లు తమ కుక్కల్ని వాటితోనే దాటించారు. భీమవరంలో పందెం కోడికి ఎక్కడెక్కడి జాతినో తెచ్చి కలిపే మనుషులు నాకు తెలుసు గనక ఆ ఆత్రం నాకు బాగా అర్థమైంది. ఫలితం ఏమిటంటే మెడ కింద చర్మం వేలాడింది, నిక్కబొడుచుకున్న చెవులు వాలాయి, చుట్ట తిరిగిన తోక విప్పుకుంది. వతాసె చూసినవి ఈ కుక్కల్నే.

ఆయన వట్టి చేతులతో వెళ్లడం ఊరికి తగిలింది. 1927లో ఊరి మేయరు ఇజుమి షిగెఇయె ముందుండి అకిహోని స్థాపించాడు. చెడగొట్టిన ఊరే బాగుచేయడానికి కూర్చుంది. లోపల కొండపల్లెల్లో, పందేల గాలి సోకని ఇళ్లలో మిగిలిన పాత తరహా కుక్కల్ని వెతికారు. 1931లో కబురాగి తొకియో అనే శాస్త్రవేత్త బృందం వచ్చి చూసి తొమ్మిది కుక్కల్ని ఎంచింది. ఆ ఏడాది జులై 31న వాటి జాతిని సహజ వారసత్వ సంపదగా ప్రకటించారు. జపాన్ కుక్కల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి జాతి ఇదే. ఊరి పేరుతో ఓదాతె కుక్క అని పిలిచేదానికి అకితా పేరు స్థిరపడ్డదీ అప్పుడే. 1938లో సంఘం తన ప్రమాణాలు రాసుకుంది. ఎత్తు ఎంత, చెవి ఎంత ముందుకి వంగాలి, రంగులేవి అన్నీ.

ఇక్కడ నాకొకటి తోచింది. స్వచ్ఛమైన జాతి అంటే ఎప్పటి నుంచో చెక్కుచెదరకుండా వస్తున్నదని అనుకుంటాం. ఓదాతెలో అలా జరగలేదు. కలిసిపోయినదాన్ని ఒక ఏడాది దగ్గర ఆపి, ఇక్కడి నుంచి ఇలా ఉండాలని మనుషులు తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం నిలిచిందా లేదా అన్నదానికి సాక్ష్యం వంశావళి పుస్తకం ఒక్కటే. పుస్తకం లేకపోతే ఎవరి కుక్క వాడికి గొప్పే.

మర్నాడు మే 3. ఏటా ఆ రోజున పార్కులో సంఘం కేంద్ర ప్రదర్శన. చెర్రీ పూలు చాలావరకు రాలి, గడ్డి మీద తొక్కుడుపడి ఉన్నాయి. తెల్లవారగానే పంజరాల వ్యాన్లు వచ్చాయి. అన్ని కుక్కలు ఒక్కచోట ఉన్నా మొరుగుడు బహు తక్కువ. ఒక పులిచారల ఆడకుక్క దగ్గర నిలబడిపోయాను. న్యాయనిర్ణేత దాన్ని తాకకుండా చాలాసేపు చూశాడు. తర్వాత పెదవి ఎత్తి పళ్లు చూశాడు. ఒక పన్ను తక్కువైనా లెక్కలోకి వస్తుంది. వెనక్కి వెళ్లి తోక చుట్ట ఎటు పడిందో చూశాడు. అరచేత్తో వీపు మీద వెంట్రుకని ఎదురు దువ్వితే పైన గరుకు, కింద దూది లాంటి లోపలి పొర బయటపడింది. ఆడవాటికి 61 సెంటీమీటర్లు, మగవాటికి 67 ప్రమాణం, అటూ ఇటూ మూడు దాకా సరే. కుక్క కదల్లేదు. దాని చిన్న ముక్కోణపు కళ్లు మాత్రం ఎదుటి బరిలోని కుక్కని వదల్లేదు.

దాని యజమాని డెబ్భై దాటిన రైతు. విరామంలో మావాడు మాటలు కలిపాడు. మేం భారతదేశం నుంచి కుక్క కోసం కాదు, దాని కాగితం కోసం వచ్చామని చెప్పగానే ముసలాయన గట్టిగా నవ్వి, వ్యాను లోంచి ప్లాస్టిక్ సంచిలో భద్రం చేసిన వంశావళి పత్రం తీసి చూపించాడు. ఎడమవైపు కుక్క పేరు, పుట్టిన తేదీ, రంగు, ఆడో మగో, పుట్టించిన వారి పేరు. కుడివైపు తల్లిదండ్రులు, వాటి తల్లిదండ్రులు, కొమ్మలు చీలినట్టు గళ్లు. ప్రతి కుక్క పేరు పక్కనా నమోదు సంఖ్య. పిల్లలు పుట్టాక తల్లిదండ్రుల పత్రాలతో సంఘానికి దరఖాస్తు వెళ్లాలి. ఇద్దరిలో ఒకరికి పత్రం లేకపోతే ఆ పిల్లలు ఎంత అందంగా ఉన్నా ఈ పార్కులోకి రాలేవు.

“ఇంకా పైకి వెళ్తే ఏముంటుంది తాతా?” అని మావాడు అడిగాడు.

“పైకి వెళ్తే యుద్ధం ఉంటుంది,” అన్నాడాయన.

రెండో ప్రపంచయుద్ధం చివరి ఏళ్లలో మనుషులకే తిండి లేదు. సైన్యానికి చలికోట్ల కోసం కుక్కతోళ్లు కావాలి. పట్టుకుపోవద్దని మినహాయింపు దొరికింది సైన్యం వాడుకునే జర్మన్ షెపర్డ్‌లకి మాత్రమే. కొందరు తమ అకితాల్ని కొండపల్లెల్లో తెలిసినవాళ్లిళ్లలో దాచారు. కొందరు షెపర్డ్‌లతో దాటించి, ఆ పోలికతో పిల్లల్ని బతికించుకున్నారు. యుద్ధం ముగిసేసరికి ఈ జాతి కుక్కల్ని వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన స్థితి. షిబుయాలో 1934లో పెట్టిన హచికో విగ్రహాన్ని కూడా లోహం కోసం కరిగించారు. ఇప్పుడున్నది 1948లో, మొదటి శిల్పి కొడుకు చేసింది.

అందుకే యుద్ధం తర్వాతి వంశావళుల్లో రెండు పాయలు కనిపిస్తాయి. షెపర్డ్ పోలిక ఎక్కువున్న దేవా పాయ ఒకటి, ఇచినొసెకి పాయ మరొకటి. దేవా పాయలోని కొంగో అనే మగకుక్కకి మొదట దేశమంతా పేరు. ఇచినొసెకి పాయలో గొరొమారు అనే మచ్చల కుక్క ఉండేది. ఇక్కడి ప్రమాణంలో మచ్చలు చెల్లవు. కానీ దాని పిల్లల్లో పాత ముఖం తిరిగొచ్చింది. ఇవాళ జపాన్‌లోని మేలైన అకితాల వంశం తవ్వుకుంటూ పోతే చాలావాటికి గొరొమారు తగులుతుంది. బరిలో నిలబెట్టి చూస్తే దాని విలువ ఎవరికీ తెలిసేది కాదు. ఎవరి పిల్లలు ఎలా వచ్చాయో వరసగా రాసుకున్నారు గనక తెలిసింది. ముసలాయన తన పత్రం అంచున, గళ్లు అయిపోయిన చోట, వేలు పెట్టి ఇంకా పైకి గాలిలో గీస్తూ ఆ పేరు పలికాడు.

దేవా పాయ మాయమైపోలేదు, సముద్రం దాటింది. హెలెన్ కెల్లర్ 1937లో జపాన్ వచ్చినప్పుడు అకితాలో ఒక పోలీసు ఉద్యోగి ఆమెకి కమికజె అనే పిల్లని ఇచ్చాడు. అది అదే ఏడాది జబ్బుచేసి చనిపోతే తర్వాత దాని అన్న కెన్‌జాన్‌ని పంపారు. అమెరికా చేరిన మొదటి అకితాలు అవే. యుద్ధం తర్వాత అక్కడి సైనికులు నచ్చిన పెద్ద కుక్కల్ని, ఎక్కువగా దేవా తరహావి, వెంట తీసుకెళ్లారు. 1956లో అమెరికాలో అకితా క్లబ్ పుట్టింది. 1972లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ జాతిని పూర్తిగా గుర్తించింది. 1974లో జపాన్ నుంచి వచ్చే కుక్కలకి తన పుస్తకం మూసేసింది. అది మళ్లీ తెరిచింది 1992లో.

ఆ మధ్యకాలంలో ఇక్కడివాళ్లు షెపర్డ్ పోలికని ఒక్కో తరంలో తుడిచేస్తూ వచ్చారు. అక్కడివాళ్లు బరువైన ఎముకనీ నల్ల ముఖాన్నీ మచ్చల్నీ ఇష్టంగా ఉంచుకున్నారు. ఒకే మూలం నుంచి వచ్చినవాటి సంతతి రెండు పుస్తకాల్లో పెరిగి రెండు జాతులైంది. 1999లో ప్రపంచ కెన్నెల్ సమాఖ్య వాటిని విడదీసింది. 2006 నుంచి అటువైపుదాన్ని అమెరికన్ అకితా అంటోంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు రెండిటినీ ఒకే జాతిగా నమోదు చేసింది. రెండు పుస్తకాల మధ్య తలుపు మూసేస్తే కుక్క ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపే జాతి ఇంకొకటి ఉంటుందని నేననుకోను. మూయకుండా ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపించింది. ముసలాయన నాతో ఏకీభవించలేదు. “వాళ్ల కుక్క వాళ్లకి, మా కుక్క మాకు,” అన్నాడు.

హచికో కథ 2009లో హాలీవుడ్ సినిమాగా వచ్చాక విదేశీయుల చూపు ఇటు మళ్లింది. ఇటీవల అకిహో దగ్గర స్వదేశంలో నమోదయ్యే కుక్కల కన్నా విదేశాల్లో నమోదయ్యేవే ఎక్కువయ్యాయి. ఊళ్లలో పెంచే చేతులు తగ్గుతున్నాయి. ఆ రోజు పార్కులో తాడు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది నెరిసిన తలలే. ముసలాయన కొడుకు సెందాయ్‌లో ఉద్యోగం, అపార్టుమెంటులో ఇంత కుక్కని పెట్టుకోలేడు.

సాయంత్రం ఆయన తన ఆడకుక్కకి జత కుదర్చే సంగతి చెప్పాడు. అవోమోరిలో ఒక ఎర్ర మగకుక్క ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆయన దాని వంశావళి నకలు తెప్పించుకుని తన పత్రం పక్కన పెట్టి చూసుకున్నాడు. మూడో తరంలో రెండువైపులా ఒకే పేరు వచ్చింది. అంత దగ్గరి నెత్తురు వద్దని ఆ సంబంధం వదులుకున్నాడు. ఇప్పుడు ఇవాతెలో ఇంకో కుక్క గురించి అడుగుతున్నాడు. దాని యజమాని ఫోనులో ఎంతో చెప్పాడట. “కాగితం రానీ, అప్పుడు మాట్లాడదాం అన్నాను,” అన్నాడాయన.