ఆయిల్ తగ్గితే సరే, పెరిగితే?

2019లో ధోనీ ఓ పాత మిలటరీ బండి కొన్నాడు, గుర్తుందా? అదే జోంగా. ‘జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ’ అన్న ఇంగ్లిష్ పేరులోని అక్షరాలే ఆ బండి పేరయ్యాయి. నిస్సాన్ డిజైన్‌తో మన సైన్యం కోసం 1999 వరకు జబల్‌పూర్‌లో తయారైంది. సైన్యం పక్కన పెట్టాక చాలా బండ్లు వేలంలో బయటికొచ్చాయి. అలాంటిదొకటి అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంది. మా మామయ్యది.

అసలు జోంగాకి ఉండేది దాదాపు నాలుగు లీటర్ల పెట్రోల్ ఇంజిన్. మైలేజీ సంగతి అడక్కండి. అందుకే దీని పాత ఓనర్ డీజిల్ ఇంజిన్ ఎక్కించి, ఆర్‌సీలోనూ మార్పించాడు. రంగు కూడా తెలుపే. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే ఉండాలని రూల్ ఉంది మరి.

మామయ్యది మిలటరీ మాధవరం. ఆర్మీలో డ్రైవర్‌గా చేశాడు. సైన్యంలో బండి కదిలే ముందు చేసే తనిఖీని ‘ఫస్ట్ పరేడ్’ అంటారు. రిటైరయ్యాక కూడా ఆయనకి ఆ అలవాటు పోలేదు. పొద్దున్నే బానెట్ ఎత్తాల్సిందే. మోకాళ్లు సహకరించక ఇప్పుడా పని నాకొచ్చింది.

పని చిన్నదే. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. మా సెల్లార్ ర్యాంప్ మీద చూస్తే లెక్క తప్పే వస్తుంది. ఇంజిన్ ఆపేసి కనీసం పది నిమిషాలు ఆగాలి, పైన ఉన్న ఆయిల్ కిందికి దిగాలి కదా. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. కింది గీతకీ పై గీతకీ మధ్య ఉంటే ఓకే. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా తొందరగానే నల్లబడుతుంది, అది మసి, కంగారు అక్కర్లేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం నీళ్లు కలుస్తున్నట్టు. వేళ్ల మధ్య రుద్దితే ఇసకలా గరగరలాడితే లోపల ఏదో అరుగుతున్నట్టు.

మొన్న వేసవిలో మామయ్యని నిమ్స్‌కి తీసుకెళ్లాలి. కొన్నాళ్లుగా ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరమని? ‘బండి తియ్యరా, దాంట్లోనే పోదాం’ అన్నాడు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకుంది. ఎవరూ పొయ్యలేదు. వాసన చూశాను, డీజిల్.

మామయ్య తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ‘తగ్గితే పోసుకోవచ్చు. పొయ్యకుండా పెరిగిందంటే మాత్రం స్టార్ట్ చెయ్యకూడదు’ అన్నాడు. మెట్రోలో వెళ్లాం, ఒక్క స్టేషనే.

తర్వాత మెకానిక్ విప్పితే డీజిల్ అందించే పంపులో డయాఫ్రమ్ చిరిగి ఉంది. డీజిల్ నేరుగా ఇంజిన్ ఆయిల్లోకి కారుతోంది. దానివల్ల ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్‌ని ఇంజిన్ గాలితోపాటు లోపలికి పీల్చి మండించుకోవచ్చు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్‌తో పని లేదు. తాళం తిప్పి ఆపేసినా ఆగదు, గాలి మూసేదాకా వేగం పెరుగుతూనే ఉంటుంది. దీన్నే ‘రన్అవే’ అంటారు. ముందొక బస్సు, వెనకొక బస్సు, మధ్యలో పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద అలా అయితే?

డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైట్ ఉంది కదా అనుకోవచ్చు. అది ప్రెషర్ పడిపోయాక వెలిగే లైటు. మట్టం పెరిగిందని చెప్పదు.

ఆస్పత్రిలో తేలిందేంటంటే మామయ్య గుండె పంపింగ్ తగ్గింది, ఒంట్లో నీరు చేరుతోంది. మందులు రాసి, డాక్టర్ ఓ పని అప్పగించారు: రోజూ పొద్దున్నే, టిఫిన్‌కి ముందే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చెయ్యాలి. ఎక్కువ తిన్నందుకు కాదు, నీరు నిలిచినందుకు పెరిగే బరువది.

‘రోజూనా?’ అని మామయ్య విసుక్కున్నాడు. ‘ఫస్ట్ పరేడ్ మామయ్యా’ అన్నాను. ఇక మాట్లాడలేదు.

బండి అమ్మేయమని అమ్మ ఇప్పటికీ పోరుతోంది. ఆయన వినడు. పాత లాగ్‌బుక్‌లో ఇప్పుడు తేదీ పక్కన రెండు గళ్లున్నాయి, ఒకటి ఆయిల్‌కి, ఒకటి బరువుకి. పోయిన నెల ఒకరోజు రెండో గడిలో అంకె ఎగబాకింది. అదే రోజు ఫోన్ చేశాం, మందు డోసు మార్చారు, అడ్మిట్ చెయ్యాల్సిన అవసరం రాలేదు.

మీ బైక్‌కి కూడా ఆయిల్ చూసే డిప్‌స్టిక్కో, చిన్న అద్దమో ఉంటుంది. మాన్యువల్ ఓసారి తిరగేయండి. అలాగే ఇంట్లో గుండెకి మందులు వాడే పెద్దవాళ్లుంటే, రోజూ బరువు చూసుకోవాలా అని డాక్టర్ని అడగండి.